కంట్లో కండకు ఆపరేషన్: తీసిన చోట ఏం వేస్తారో ముందు అడగండి

ముక్కు వైపున తెల్లగుడ్డు మీద ఎర్రటి కండ ఒకటి మొదలై, మెల్లగా నల్లగుడ్డు మీదికి త్రికోణం ఆకారంలో పాకుతుంది. మన ఊళ్లలో కంట్లో కండ పెరిగిందంటారు, డాక్టర్లు టెరీజియం అంటారు. ఎండలో, దుమ్ములో, ఎదురుగాలిలో పనిచేసేవాళ్లకు ఇది ఎక్కువ: రైతులు, కూలీలు, జాలర్లు, ఉప్పుమడుల్లో పనిచేసేవాళ్లు, తాపీ మేస్త్రీలు. భూమధ్యరేఖకు అటూ ఇటూ 37 డిగ్రీల లోపున్న ప్రాంతాల్లోనే ఈ జబ్బు ఎక్కువని చాలాకాలం క్రితమే గుర్తించారు. తెలుగు నేల మొత్తం అందులోకే వస్తుంది. 1996–2000 మధ్య హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో జరిగిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వేలో 30 ఏళ్లు, ఆపైబడినవాళ్లలో దాదాపు 12 శాతం మందికి ఇది కనిపించింది. ఎనిమిది తొమ్మిది మందిలో ఒకరికన్నమాట.

ఆపరేషన్ అనగానే నొప్పి ఉంటుందా, ఎంతవుతుంది అని అడుగుతారు. ఆ రెండూ అడగండి, తప్పులేదు. కానీ కండను కోసి తీసేయడం కంటి డాక్టరుకు అంత కష్టమైన పని కాదు. తీసిన చోట ఏర్పడే ఖాళీని దేనితో కప్పుతారు, దాన్ని ఎలా అతికిస్తారు అన్నదాన్ని బట్టే అది మళ్లీ పెరుగుతుందా, ఏ చిక్కులు రావచ్చు అన్నది చాలావరకు తేలిపోతుంది. ఖర్చులో తేడా కూడా అక్కడే వస్తుంది.

తీయించాలా, వద్దా

నల్లగుడ్డు అంచున ఒక మిల్లీమీటరు ఎక్కి, ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోయిన కండ జోలికి పోకపోవడమే మేలు. తెల్లగుడ్డు మీదే పసుపు బుడిపెలా ఉండి నల్లగుడ్డు మీదికి రానిది టెరీజియం కాదు, పింగ్వెక్యులా. దానికి కత్తి పెట్టాల్సిన అవసరం అరుదుగా వస్తుంది. ఇలాంటివాళ్లకు కంటిని తడిగా ఉంచే చుక్కలు, ఎండలోకి వెళ్తే చల్లద్దాలు, అంచున్న టోపీ, ఏడాదికోసారి చూపించుకోవడం చాలు.

చుక్కల మందుతో కండ కరిగిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మంట, ఎరుపు తగ్గుతాయి, కండ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆకు పసర్లు పోయించుకునే కాలం పోయిందనుకుంటాం గానీ పోలేదు. దానివల్ల నల్లగుడ్డు మీద పుండు పడి, ఉన్న చూపు కూడా పోవచ్చు. చదువుకున్నవాళ్లు చేసే తప్పు ఇంకొకటి ఉంది. మెడికల్ షాపులో పాత చీటీ చూపించి స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వేసుకుంటారు. ఎరుపు చప్పున తగ్గుతుంది కాబట్టి మందు భలే పనిచేసిందనిపిస్తుంది. లోపల కంటి ఒత్తిడి పెరిగి గ్లకోమా (నీటికాసులు) ముదురుతున్న సంగతి మాత్రం చూపు తగ్గాక గానీ తెలియదు.

ఇక తీయించడమే మంచిదనే సందర్భాలు. నల్లగుడ్డు వెడల్పు 11–12 మిల్లీమీటర్లు ఉంటుంది. కండ అంచు నుంచి మూడు మిల్లీమీటర్లు లోపలికి వచ్చిందంటే నడిమికి సగం దూరం వచ్చేసినట్టే. అప్పటికే అది కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) వంపును లాగి సిలిండర్ పవర్ పెంచుతూ ఉంటుంది. కళ్లద్దాలు ఎన్నిసార్లు మార్చినా అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించడానికి కొందరిలో కారణం ఇదే. ఏడాది తిరిగేసరికి కొలత పెరుగుతున్నా, ఎరుపు మాటిమాటికీ తిరగబెడుతున్నా, కన్ను బయటి వైపు పూర్తిగా తిరగకపోయినా ఆలస్యం చేయకూడదు. కనుపాప నడిమిదాకా వచ్చాక తీయిస్తే కండ పోతుంది గానీ దాని కింద కార్నియా మీద మచ్చ మిగిలిపోతుంది.

అందం కోసం తీయించుకుంటామనేవాళ్లూ ఉన్నారు, ముఖ్యంగా పెళ్లి కావలసిన పిల్లలు. అది తప్పుడు కారణం కాదు. అయితే వయసు తక్కువున్నవాళ్లకే ఇది మళ్లీ పెరిగే అవకాశం ఎక్కువని, పెరిగితే మొదటిదానికంటే ఎర్రగా, మందంగా ఉండొచ్చని వాళ్లకు ముందే చెప్పాలి.

ఖాళీగా వదిలేసే పాత పద్ధతి

కండను తీసేసి, కింద తెల్లగుడ్డును అలాగే వదిలేస్తే చుట్టూ ఉన్న పొర దానంతటదే వచ్చి కప్పుకుంటుంది. బేర్ స్క్లీరా పద్ధతి అంటే ఇదే. త్వరగా అయిపోతుంది, ఖర్చు తక్కువ, గొప్ప సామగ్రి అక్కర్లేదు. కానీ కలుపు పీకి నేలను ఖాళీగా వదిలితే ఏమవుతుందో రైతుకు వేరే చెప్పాలా? వేర్వేరు అధ్యయనాల్లో ఈ పద్ధతి తర్వాత కండ తిరిగి వచ్చినవాళ్లు నాలుగో వంతు నుంచి 80 శాతం పైదాకా ఉన్నారు. ఇంత తేడా ఎందుకంటే రోగుల వయసు, కండ మందం, ఎంతకాలం గమనించారన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. అన్నిటికంటే తక్కువ అంకె తీసుకున్నా నలుగురిలో ఒకరికి మళ్లీ వచ్చినట్టే. నా ఉద్దేశంలో ఈ రోజుల్లో దీన్ని ఎంచుకోవడానికి సరైన కారణం దాదాపు లేదు. మీ ఆపరేషన్ మరీ చవగ్గా అవుతుందంటే, చేసేది ఇదేనేమో కనుక్కోండి.

పక్కనున్న పొరనే రెండు వైపుల నుంచి లాగి కుట్టేయడం దీనికి కొంచెం మెరుగులు దిద్దిన రూపం. చిన్న కండలకు చేస్తారు. తిరిగి పెరగడం విషయంలో ఇదీ నమ్మదగ్గది కాదు.

మైటోమైసిన్ కలిపితే

మైటోమైసిన్-సి కణాలు పెరగకుండా ఆపే మందు, క్యాన్సర్‌కు వాడేది. 1963లో జపాన్ వైద్యులు దీన్ని టెరీజియానికి వాడారు. ఆపరేషన్ మధ్యలో 0.02 శాతం మందులో తడిపిన స్పాంజిని కొద్ది నిమిషాలు ఉంచి, బాగా కడిగేస్తారు. కండ తిరిగి పెరగడం బాగా తగ్గుతుంది. అందువల్ల ఖాళీగా వదిలేసే పద్ధతికి దీన్ని జోడించి పని కానిచ్చేసేవాళ్లున్నారు.

దీని ఖరీదు తర్వాత తెలుస్తుంది. కండను పెరగనీయని మందే గాయాన్ని మాననీయదు, రక్తనాళాలను చంపేస్తుంది. కప్పు లేని తెల్లగుడ్డు నెలల తర్వాతో, ఏళ్ల తర్వాతో పలచబడి కరిగిపోవచ్చు. అక్కడ ఇన్‌ఫెక్షన్ చేరితే కన్నే పోవచ్చు. ఆపరేషన్ తర్వాత ఇంట్లో వేసుకోమని ఈ మందును చుక్కల రూపంలో ఇచ్చిన రోజుల్లో గ్లకోమా, కార్నియాకు చిల్లు, శుక్లం దాకా వెళ్లిన కేసులు 1992లోనే అమెరికా వైద్య పత్రికలో వచ్చాయి. స్ట్రాన్షియం-90తో బీటా రేడియేషన్ ఇచ్చే పాత పద్ధతిలోనూ ఇదే గోల, ఏళ్ల తర్వాత తెల్లగుడ్డు చచ్చుబడడం.

అందుకని మైటోమైసిన్ అసలు వద్దని కాదు. మళ్లీ మళ్లీ పెరిగిన మొండి కండలకు, పైన పొర కప్పుతూ, తక్కువ మోతాదులో, తక్కువ సమయం వాడితే దానికి చోటుంది. మొదటిసారి ఆపరేషన్‌లో, కప్పు లేకుండా, మందు ఒక్కదానినే నమ్ముకోవడం మాత్రం నాకు నచ్చదు.

మీ కంటి పొరనే తెచ్చి అతికించడం

ఇప్పుడు ఎక్కువమంది డాక్టర్లు ముందుగా చేసేది ఇదే, కంజంక్టైవల్ ఆటోగ్రాఫ్ట్. పై రెప్ప కింద దాగి ఉండే తెల్లగుడ్డు మీది పలచని పొరను, ఖాళీ కంటే కాస్త పెద్దగా కత్తిరించి తెచ్చి, కండ తీసిన చోట పరుస్తారు. తీసుకున్న చోటు రెండు మూడు వారాల్లో దానంతటదే మానుతుంది, రెప్ప కింద ఉంటుంది కాబట్టి బయటికి కనిపించదు. మన కంటిదే కాబట్టి శరీరం తిరస్కరించే ప్రశ్న లేదు.

1985లో అమెరికాలో కెన్యన్, ఆయన సహచరులు 57 కళ్లకు ఇలా చేసి, మూడింటిలోనే కండ తిరిగి వచ్చిందని రాశాక ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. అందరి చేతుల్లోనూ అంత బాగా రాలేదు. 2 శాతం నుంచి దాదాపు 40 శాతం దాకా లెక్కలు ఉన్నాయి. ఈ తేడా గమనించదగ్గది. గ్రాఫ్ట్‌ను, అంటే తెచ్చి అతికించే పొరను, పలచగా, దాని కింద ఉండే టెనాన్ అనే పీచు పొర అంటకుండా తీయాలి. అలా తీయడం చేయి తిరిగినవాళ్లకే వస్తుంది. మందంగా తీస్తే ఉబ్బుతుంది, తర్వాత ముడుచుకుపోతుంది. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో లారెన్స్ హర్స్ట్ అనే సర్జన్ ఈ ఒక్క ఆపరేషన్ మీదే ఏళ్లు పనిచేశారు. కండ కింది టెనాన్ పొరను చాలా విస్తారంగా తీసి, పెద్ద గ్రాఫ్ట్ వేసి, 1000 ఆపరేషన్లలో ఒక్కదానికే కండ తిరిగి వచ్చిందని 2012లో ప్రకటించారు. ఆ పద్ధతికి గంట పైనే పడుతుంది, తర్వాత కొన్ని రోజులు నొప్పీ ఎక్కువే, అందుకే అందరూ చేయరు. చేసే డాక్టరు నెలకు ఇలాంటివి ఎన్ని చేస్తారని అడగడానికి మొహమాటపడనక్కర్లేదని చెప్పడానికే ఆయన సంగతి ఎత్తాను.

ఎవరికి ఇది కుదరదు? గ్లకోమా ఉన్నవాళ్లకు. రేపు ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ చేయాల్సి వస్తే పై రెప్ప కింది ఆ పొరే కావాలి, అక్కడ మచ్చ కడితే ఆ ఆపరేషన్ చెడుతుంది. మీకో, ఇంట్లో ఎవరికో గ్లకోమా ఉంటే ఆ మాట ముందే చెప్పండి. అప్పుడు కింది వైపు నుంచి పొర తీసుకుంటారు, లేదా వేరే కప్పు చూస్తారు.

కుట్లా, గ్లూనా, సొంత రక్తమా

గ్రాఫ్ట్ వేస్తామన్నాక రెండో ఎంపిక ఇది. సన్నని దారంతో కుడితే గ్రాఫ్ట్ గట్టిగా నిలుస్తుంది, ఖర్చు తక్కువ. ఆపరేషన్‌కు అరగంట పైన పట్టొచ్చు. కుట్లు కరిగేదాకానో తీసేదాకానో కంట్లో ఇసుక పడ్డట్టు గుచ్చుకుంటుంది, నీళ్లు కారుతూనే ఉంటాయి. కుట్ల చుట్టూ వాపు, ఎర్రటి కండ ముద్దలు కొందరికి వస్తాయి.

ఫైబ్రిన్ గ్లూ అంటే మనిషి రక్తపు ప్లాస్మా నుంచి తయారైన జిగురు. ఫైబ్రినోజెన్, త్రాంబిన్ అనే రెండు పదార్థాలు కలవగానే గడ్డకట్టి పొరను పట్టుకుంటాయి. ఆపరేషన్ సమయం దాదాపు సగానికి తగ్గుతుంది, మర్నాడు కన్ను చాలా తేలికగా ఉంటుంది. 2016లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి బేరీజు వేసేది) ప్రకారం కుట్లతో పోలిస్తే కండ తిరిగి పెరగడం కూడా గ్లూతో తక్కువే. అదే సమీక్షలో ఇంకో సంగతీ ఉంది: గ్రాఫ్ట్ అంచు లేచిపోవడం లాంటి చిక్కులు గ్లూతో కొంచెం ఎక్కువ. ఆపరేషనైన తొలి రోజుల్లో కన్ను నులిమితే గ్రాఫ్ట్ జారిపోవచ్చు. రక్తం నుంచి వచ్చింది కాబట్టి వైరస్‌ల భయం సిద్ధాంతరీత్యా ఉంది. తయారీలో వాటిని చంపే దశలు ఉంటాయి గనక దీని గురించి నిద్ర పోగొట్టుకోనక్కర్లేదు. గ్లూకు విడిగా కొన్ని వేలు అవుతుంది. ప్యాకేజీలో కలిపి చెప్పారా, విడిగా బిల్లు వేస్తారా అన్నది ముందే తేల్చుకోండి. ఆరోగ్యశ్రీ కార్డు మీద చేయించుకునేవాళ్లు ఈ ఆపరేషన్, అందులో గ్లూ వస్తాయో రావో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి.

మూడోది కుట్టూ గ్లూ లేకుండా, ఆ గాయంలో ఊరిన సొంత రక్తమే గడ్డకట్టి గ్రాఫ్ట్‌ను పట్టుకునేలా చేయడం. పైసా అదనపు ఖర్చు లేదు. గ్రాఫ్ట్ జారే ప్రమాదం మాత్రం గ్లూ కంటే ఎక్కువ, అందుకే కంటికి కట్టు ఒకటి రెండు రోజులు గట్టిగా ఉంచుతారు. రక్తం పలచబడే మాత్రలు వాడే గుండె రోగులకు ఇది అంత అనువు కాదు.

నన్నడిగితే డబ్బు సర్దుబాటైతే గ్లూ, లేకపోతే కుట్లు. కన్ను నులిమే అలవాటున్నవాళ్లకు, చెప్పిన మాట వినని పెద్దాయనకు డబ్బున్నా కుట్లే క్షేమం.

మాయ పొర

సిజేరియన్ కాన్పుల్లో వచ్చిన మాయ నుంచి తీసిన సన్నని పొరను, తల్లికి హెచ్‌ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్ పరీక్షలు చేశాక శుద్ధిచేసి నిల్వ ఉంచుతారు. దీన్నే అమ్నియాటిక్ మెంబ్రేన్ అంటారు. ఇది వాపును, మచ్చ కట్టడాన్ని తగ్గిస్తుంది. కంటి పొరను ఎక్కడా కోయనక్కర్లేదు కాబట్టి గ్లకోమా రోగులకు, ఒకే కంట్లో రెండు వైపులా కండ ఉన్నవాళ్లకు, ఇదివరకే ఆపరేషన్లై పొర మిగలనివాళ్లకు బాగా పనికొస్తుంది. మామూలు మొదటిసారి కండకు మాత్రం సొంత పొరదే పైచేయి. 1997 నాటి ఒక పోలికలో మొదటిసారి కండలు సొంత పొరతో 2.6 శాతం, మాయ పొరతో 10.9 శాతం తిరిగి వచ్చాయి. 2016లోనే వచ్చిన మరో కాక్రేన్ సమీక్షలోనూ ఆరు నెలలకు సొంత పొర వేసినవాళ్లలో తిరిగి పెరగడం సుమారు సగమే. ఖరీదైనది కాబట్టి మెరుగైనది అనుకోవద్దు.

చిక్కులు: ఏవి మామూలు, ఏవి కావు

ఆపరేషన్ మర్నాడు అద్దంలో చూసుకుని హడలిపోయేవాళ్లు చాలామంది. తెల్లగుడ్డంతా నెత్తురు చిమ్మినట్టు ఎర్రగా ఉంటుంది, గ్రాఫ్ట్ ఉబ్బి ఉంటుంది. రెండు మూడు వారాల్లో రెండూ సర్దుకుంటాయి. ఉబ్బు పక్కన నల్లగుడ్డు మీద కన్నీటి తడి అందక చిన్న గుంట పడొచ్చు, చుక్కలతో, కట్టుతో మానుతుంది. కొన్ని వారాలకు ఎర్రటి కండ ముద్ద ఒకటి లేచిందంటే కండ తిరిగి వచ్చిందని కాదు, అది గ్రాన్యులోమా. చుక్కలతో తగ్గకపోతే చిన్న కోతతో పోతుంది. గ్రాఫ్ట్ కింద నీటి బుడగ కట్టడమూ ఇలాంటిదే.

కంగారు పడాల్సినవి వేరు. నొప్పి రోజురోజుకూ తగ్గాల్సింది పోయి పెరగడం, చీము, చూపు మందగించడం, గ్రాఫ్ట్ తెల్లబడి ఊడిపోవడం. వీటికి అపాయింట్‌మెంట్ రోజుదాకా ఆగొద్దు. కండ కిందనే కంటిని ముక్కు వైపు తిప్పే కండరం ఉంటుంది. రెండోసారి, మూడోసారి ఆపరేషన్లలో అది దెబ్బతిని ఒకటి రెండుగా కనిపించే ప్రమాదం ఉంది. రెప్ప తెల్లగుడ్డుకు అతుక్కుపోవడం కూడా ఎక్కువగా తిరగబెట్టిన కేసుల్లోనే. మైటోమైసిన్ వాడించుకున్నవాళ్లు ఎన్నేళ్ల తర్వాతైనా ఆపరేషన్ చోట బూడిదరంగు మచ్చో, రాత్రిపూట లోతైన నొప్పో వస్తే ఆ మందు సంగతి డాక్టరుకు గుర్తుచేయాలి. అందుకే డిశ్చార్జి కాగితంలో మందు పేరు, మోతాదు రాయించుకోండి.

తీసిన కండను బయాప్సీకి పంపుతారా అని కూడా అడగండి. టెరీజియంలా కనిపించేవాటిలో కొన్ని కంటి ఉపరితలపు క్యాన్సర్ తొలి దశలు ఉంటాయి. వాటిని చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్ల మంచి పొరతో సహా తీయాలి, కండ తీసినట్టు తీస్తే మిగిలిపోతాయి. ముత్యపు తెలుపు, జిగట మెరుపు, వేగంగా పెరగడం, చెవి వైపు రావడం అనుమానించదగ్గ గుర్తులు.

శుక్లం ఉంటే, సెలవు తక్కువుంటే

కండా శుక్లమూ రెండూ ఉన్న పెద్దవాళ్లు మన దగ్గర చాలామంది. రెండూ ఒకేసారి తీసేయమంటారు, ఒక్క ఖర్చుతో పోతుందని. పెద్ద కండ కార్నియా వంపును మార్చేస్తుంది కాబట్టి అది ఉండగా కొలిస్తే లోపల పెట్టే లెన్సు పవర్ తప్పుతుంది. ముందు కండ తీయించి, కొలత నిలకడ పడేదాకా కనీసం నెల, వీలైతే రెండు మూడు నెలలు ఆగి శుక్లం చేయించడం సబబు. కండ చిన్నదైతే ఈ తిప్పలు అక్కర్లేదు.

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి చేయించుకునే జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప వాళ్లు ముందు రోజులు లెక్క పెట్టుకోవాలి. స్టెరాయిడ్ చుక్కలు నెల నుంచి రెండు నెలలు తగ్గించుకుంటూ వేయాలి, మధ్యలో కంటి ఒత్తిడి చూపించుకోవాలి. రెండు వారాల సెలవులో చేయించుకుని ఎడారి ఎండలోకి, ఇసుక గాలిలోకి తిరిగి వెళ్లేకంటే వచ్చే సెలవుదాకా ఆగడం మంచిది. ఊళ్లో ఉండేవాళ్లు కూడా కోతలు, నూర్పిళ్లు అయ్యాకే పెట్టుకుంటే దుమ్ము బాధ తప్పుతుంది.

తిరిగి పెరిగేవి దాదాపు అన్నీ మొదటి ఏడాదిలోనే బయటపడతాయి, అందులోనూ మొదటి ఆరు నెలల్లో ఎక్కువ. గ్రాఫ్ట్ అంచు దగ్గర ఎర్రటి నాళాలు మళ్లీ నల్లగుడ్డు వైపు సాగుతుంటే వెంటనే చూపించుకోవాలి. ఆ దశలో చుక్కలు పెంచి, అక్కడే ఇంజెక్షన్ ఇచ్చి ఆపే వీలుంది. అది దాటి కండ నిలబడిపోతే మళ్లీ కోయడానికి తొందరపడకుండా ఎరుపు చల్లారేదాకా నెలల పాటు ఆగుతారు. ఈసారి ఆపరేషన్‌ను కార్నియా స్పెషలిస్టు దగ్గరే చేయించుకోవాలి. మొదటిసారి ఏ కప్పు వేశారో, పొర ఎక్కడి నుంచి తీశారో రాసి ఉన్న కాగితం అప్పుడు ఆయనకు అవసరం పడుతుంది.